పత్తి కట్టె పట్టీ

వరంగల్, గురువారం

బాపూ,

నేను బాగానే ఉన్నాను. నువ్వు ఫోన్ ఎత్తడం లేదని కార్డు రాస్తున్నాను. "మన చేను కట్టెతోనే చేస్తున్నవు గదా, నా కాలి పుండుకు జర పెడితే ఏమైతది బిడ్డా?" అని నువ్వు అడిగితే వద్దన్నానని నీకు కోపం. పత్తి కట్టె నుంచి తీసిన సెల్యులోజ్‌తో చేసిన ఆ పట్టీని నిన్న ల్యాబులో, పుండు తడికి ఆగుతుందా అని ఉప్పునీళ్లలో నానబెడితే, మధ్యాహ్నానికే పొరలు విడిపోయాయి. మూడేళ్ల పని మళ్లీ మొదటికొచ్చింది. చాలా అలసిపోయాను బాపూ. నీ పుండు మీద విడిపోలేదు, అదే చాలు.

సోమవారం తప్పకుండా దవాఖానకు పో. చెప్పులు లేకుండా చేలోకి దిగకు. అమ్మ మోకాళ్ల నొప్పి తగ్గిందా?

ఇంకో మూట కట్టె కావాలి. కోపం తగ్గకపోయినా పంపు.

ఇద్దరికీ దండాలు.

నీ బిడ్డ,
సింధు