అత్తయ్య కాగితం మీద టిక్కులు

డాక్టరమ్మగారికి,

మొన్న అత్తయ్య బీపీ చూసే ముందు మీ నర్సు ఇచ్చిన ప్రశ్నల కాగితం నేనే నింపాను. ఆవిడ కళ్ళజోడు మరిచిపోయి వచ్చారు. ఆ కాగితం చూసి, మీ క్లినిక్‌లో కొత్తగా చేరిన కౌన్సెలరమ్మను గురువారం మా ఇంటికి పంపుతున్నారట. అత్తయ్య అగ్గిమీద గుగ్గిలమవుతున్నారు. "నాకేమన్నా పిచ్చా? పడుకుంటే తెల్లారేదాకా లేవను!" అంటున్నారు. నిజమే, ఆ గురక తెల్లవార్లూ నేను వింటూనే ఉంటాను.

'నిద్ర పట్టడం లేదా? బతకడం దండగనిపిస్తోందా?' అని చదువుతుంటే నా చెయ్యి దానంతటదే టిక్కులు పెట్టేసింది. ఆవిడను అసలు అడగనేలేదు. తప్పే. మా ఆయనకు తెలియనివ్వకండి.

కౌన్సెలరమ్మను మాత్రం ఆపకండి. అత్తయ్యను ముందుగదిలో పలకరించి, మంచినీళ్ళ వంకతో వంటింట్లోకి రమ్మనండి. నేనక్కడే ఉంటాను.