కరంగా మందు తిన్నాడు

మొరొగొరో, శుక్రవారం

అమ్మా, నా దగ్గు తగ్గింది, బెంగపెట్టుకోకు.

మా ఎలుక కరంగా గురించి అడిగావు కదా. క్షయ రోగుల కఫం వాసన చూసి జబ్బును పసిగట్టే పని వాడిచేత మాన్పించేశాం. ఎలుకల్లో వాడిది బాగా ముదిరిన వయసు, వెనక కాళ్లు ఈడుస్తున్నాడు. నొప్పి మందు అరటిపండులో కలిపి పెడితే మూతి తిప్పుకున్నాడు. సిరంజితో పోస్తే నా చొక్కా మీదే ఉమ్మేశాడు.

"మందు లోపలికి పోకపోతే ఈ బాధతో వాణ్ణి బతికించి ఉంచడం న్యాయం కాదు, మ్వనైదీ" అన్నారు మా పశువుల డాక్టర్ షెమ్వెటా. 

ఊరికే పెట్టింది తినడం వాడికి అలవాటు లేదేమో అనిపించి, ఈ పొద్దున వాడు పని చేసిన పాత బల్ల మీదికి ఎక్కించాను. కఫం పెట్టే గిన్నె ఖాళీగా ఉన్నా దాని దగ్గర ఆగి, ముక్కు పెట్టి వాసన చూశాడు. వాడు జబ్బును పసిగట్టినప్పుడల్లా, తిండి పెట్టేముందు మేము టిక్కుమనిపించే మీట నొక్కాను. చటుక్కున తలెత్తి, నా చేతిలోని మందు పండంతా తినేశాడు.

"దానమైతే వద్దు, కూలైతే సరే. పెద్దమనిషి కదా" అని డాక్టరు నవ్వారు. నాకు మాత్రం ఏడుపొచ్చింది.

మన బేరిచెట్టు కాసిందా? హోజా మామయ్య ఇటొస్తే మెత్తని పళ్లు నాలుగు పంపు. మేక ఈనిందా? వంటింటి కప్పు బాగుచేయించారా?

నాన్న పాదాలకు నా షికమో. దేవుడు మిమ్మల్ని చల్లగా చూడాలి. అక్షరాలు వంకరపోయాయని తిట్టకు, కరంగా నా ఒళ్లో నిద్రపోతున్నాడు, కదలలేను.

నీ మ్వనైది