వేరు కింద చుక్క

జూన్ 3, మంగళవారం

ఈ రోజు తేల్చేసుకున్నాను. టీవీలో ఉన్న బార్డర్ కంప్యూటర్‌లోకి రావాలి. ఎలా వస్తుందో తెలియదు. వచ్చి తీరాలి.

సంగతి రాసిపెడతాను. లేకపోతే రేపటికి నాకే నమ్మకం కుదరదు. మా ఆయన మనోహర్ ఈ ధర్మవరంలో ఇరవై మూడేళ్లు పట్టుచీరల బార్డర్లకు గ్రాఫ్ గీశాడు. ఆయన గీస్తే, అది చూసి నేను జకార్డ్ అట్టలకు చిల్లులు కొట్టేదాన్ని. ఆ చిల్లులను బట్టే మగ్గం డిజైన్ నేస్తుంది. గ్రాఫ్‌లో ఒక గడి అంటే మగ్గం మీద ఒక పోగు. రెండేళ్ల కింద ఆయన చేతికి వణుకు వచ్చింది. ప్రాణానికేం కాదు, అలాగని తగ్గేదీ కాదు అన్నాడు డాక్టర్. పెన్సిల్ పట్టడం పోయింది. కంప్యూటర్‌లో గీస్తాడని ఒక పాతది తెచ్చాను. మౌస్ పట్టుకుంటే స్క్రీన్ మీద బాణం పిచ్చి పట్టినట్టు తిరిగింది. ఆ రోజుతో గ్రాఫ్ బుక్కులు బీరువా ఎక్కాయి, మనిషి మంచం ఎక్కాడు.

హిందూపురంలో ఉండే మా చెల్లెలు సింధూర, వాళ్ల పిల్లలకు కొత్తది కొని, పాత గేమ్ కన్సోల్ మా ఇంట్లో పడేసిపోయింది. అందులో రంగు గడులు పేర్చి గోడలు కట్టే గేమ్ ఒకటి ఉంది. బటన్ ఒకసారి నొక్కితే ఒక గడి జరుగుతుంది. చెయ్యి ఎంత వణికినా ఒక్క గడే. నాలుగు నెలలుగా టైంపాస్ చేస్తున్నాడని సణుగుతూనే ఉన్నాను. నిన్న కాఫీ ఇవ్వబోయి టీవీ వైపు చూస్తే అది గోడ కాదు. బార్డర్! మెరూన్ మీద పసుపు. చెనిక్కాయ, అదే వేరుశనగ చెట్టు, ఆకులు, కింద వేళ్లకు కాయలు. వంద గడుల ఎత్తు, రెండొందల నలభై గడుల పొడవు. ఒకే స్క్రీన్‌లో పట్టదు, పక్కకు జరుపుతూ చూడాలి. కాఫీ నా చేతిలోనే చల్లారిపోయింది.

ఎవరి కోసం ఇదంతా అని అడిగాను. ఎవరికోసమూ లేదు, ఊరికే చేస్తాండా అన్నాడు. ఊరికేనట!

జూన్ 4, బుధవారం

టీవీ చూస్తూ నేరుగా అట్టలు కొడదామని కూర్చున్నాను. పదకొండు అట్టలయ్యేసరికి కన్సోల్ వేడెక్కి ఆగిపోయింది. ఇరవై నిమిషాలకోసారి ఇదే వరస. ఏదో ఒక రోజు మళ్లీ లేవదు. నాలుగు నెలల పని దాంతోపాటే పోతుంది.

ఫోన్‌తో ఫోటోలు తీశాను. అంచులు వంగిపోయాయి, గడుల మీద అలల్లాగా గీతలు. లెక్కపెడితే వంద గడులు ఒకచోట తొంభై ఆరు, ఇంకోచోట నూట రెండు.

సింధూర మొబైల్ షాపులో పనిచేస్తుంది కదా అని ఫోన్ చేశాను. దానికి క్యాప్చర్ కార్డ్ అని ఉండాదక్కా, టీవీ బొమ్మను కంప్యూటర్‌లోకి ఎక్కిస్తాది, గేములాడేటోళ్లు వీడియోలు పెట్టేదానికి కొంటాండారు, ఈడికి రా చూపిస్తా అంది.

జూన్ 5, గురువారం

చీరలు నేసే వీరభద్రయ్య మగ్గం దగ్గరికి పోయొచ్చాను. పాత పడుగు, అంటే మగ్గం మీది నిలువు దారాలు, ఇరవై ఐదో తేదీకి అయిపోతుందట. కొత్త పడుగు అతికేలోపు అట్టలు తెస్తే ఒక చీర నేసి చూస్తాడు. తేకపోతే బయట కొన్న రెడీమేడ్ అట్టలు ఎక్కిస్తాడు. ఏమ్మా, మనోహర్ చేత్తో గీసిందేనా అని అడిగాడు. బొటనవేలితో అన్నాను. పాపం, ఆయనకు అర్థం కాలేదు.

జూన్ 7, శనివారం

హిందూపురం. షాపులో నాలుగు డబ్బాలు ముందర పెట్టింది సింధూర. అన్నిటి మీదా 4K. ఏది తీసుకోవాలో తెలియక, 4K అక్షరాలు అన్నిటికంటే పెద్దగా ఉన్నది తీసుకున్నాను. ఇంత తెలివి నాకు యాడ్నుంచి వచ్చిందో.

జూన్ 8, ఆదివారం

నల్ల స్క్రీన్. మూడు గంటలు అదే.

జూన్ 9, సోమవారం

తప్పు కార్డ్‌ది కాదట. HDMI వైరులో HDCP అని ఒక తాళం ఉంటుందట, సినిమాలు కాపీ కొట్టకుండా. కొత్త కన్సోళ్లలో సెట్టింగ్స్‌లోకి పోయి తీసేయొచ్చు, మా పాతదానిలో కుదరదు అని సింధూర ఎవరినో అడిగి చెప్పింది. ఒళ్లు మండిపోయింది. సినిమా ఎవడిక్కావాలి? నా మొగుడు ఒక్కో గడీ పెట్టుకుంటే దానికి ఎవడో తాళం వేయడమేంటి?

జూన్ 11, బుధవారం

పెనుకొండలో దాసప్ప అని పెళ్లి వీడియోలు తీస్తాడు. పాత క్యాసెట్లను పెన్ డ్రైవ్‌లోకి ఎక్కించే స్టిక్ అతని దగ్గర ఉందని తెలిసి పొద్దున్నే ప్యాసింజర్ ఎక్కాను. పాత టీవీల పసుపు వైరుకు తాళం ఉండదక్కా, తీస్కపో, పని చూసుకుని ఇయ్యి అన్నాడు. మంచి మనిషి.

ఇంటికొచ్చి పెట్టాను. బొమ్మ వచ్చింది! కంప్యూటర్‌లో చెనిక్కాయ చెట్టు! అరిచినంత పని చేశాను. ఈయన మంచం దిగి వచ్చి, ముక్కు స్క్రీన్‌కు ఆనించి చూశాడు. తప్పు, పోగు పోయిండాది అన్నాడు. ఆకుకూ ఈనెకూ మధ్య ఒక్క గడి సందు వదిలాడట. ఇందులో ఆ సందు పూడిపోయింది. పసుపు మెరూన్‌లోకి కారిపోయి ఉంది.

ఈ మాత్రం చాలు, ఎవరు చూడొచ్చారు అన్నాను. అయితే నువ్వే కొట్టుకో, నన్ను చూడమనొద్దు అన్నాడు. నేను నోరు పారేసుకున్నాను. రెండేళ్లు మంచం మీద పడుకున్నోడికి ఒక్క పోగు గురించి ఇంత ఎందుకు అని అనేశాను. ఆయన వెళ్లి పడుకున్నాడు.

జూన్ 12, గురువారం

మాటల్లేవు. ఉప్మా తిన్నాడు.

జూన్ 13, శుక్రవారం

ఆయన చెప్పిందే నిజం. పందొమ్మిదేళ్లుగా కొడుతున్నాను, ఎవరైనా పూడిపోయిన గ్రాఫ్ తెస్తే వెనక్కి పంపేదాన్ని. మొగుడిదని సర్దుకోమంటే ఎలా? మధ్యాహ్నం పక్కన కూర్చుని చెప్పేశాను, నాదే తప్పని. సరేలేవే అన్నాడు. అంతే. కానీ నాకు ప్రాణం లేచొచ్చింది.

ఇక పిచ్చిగా కొనడం లేదు. చదివాను, వీడియోలు చూశాను. కన్సోల్ వెనక ఇంకో రకం కేబుల్‌కు దారి ఉంది. కాంపొనెంట్ అంటారు. బొమ్మను ఆకుపచ్చ, నీలం, ఎరుపు అని మూడు వైర్లుగా విడదీసి పంపుతుంది, సౌండ్‌కు ఇంకో రెండు. దానికి తాళం లేదు, పసుపు వైరులా రంగు కారదు. ఆ ఐదు వైర్లు దూరే బాక్స్ కావాలి. కొత్తవాటిలో కనబడటం లేదు, పాతదే వెతకాలి. సింధూర 4K అంటుంది, సెకనుకు అరవై ఫ్రేములు అంటుంది. మాది పరిగెత్తే బొమ్మ కాదే తల్లీ, కదలకుండా నిలబడే పోగు అని చెప్పాను.

జూన్ 16, సోమవారం

దాసప్ప ఫోన్. హిందూపురంలో స్టూడియో మూసేస్తున్న ఒకాయన దగ్గర అలాంటి బాక్స్ ఉందట. కేబుల్ కూడా ఇస్తాడట. టెస్ట్ చేయకుండా తీసుకోను అని గట్టిగా చెప్పాను.

ఈయన విన్నాడు. లేచి కంట్రోలర్ పట్టుకున్నాడు. ఒక పసుపు, ఒక మెరూన్, ఒక పసుపు, ఒక మెరూన్, బార్డర్ ముట్టకుండా వేరే ఖాళీ గోడ మీద పైనుంచి కిందికి వంద గడులు పెట్టాడు. ఇది విడివిడిగా వస్తే తీసుకుందాం, రెండు అతుక్కున్నా వద్దు అన్నాడు. తీసుకుందాం అన్నాడు! నేను కూడా వస్తాండా అని చొక్కా వేసుకున్నాడు.

జూన్ 17, మంగళవారం

ఇద్దరం రైల్లో వెళ్లాం. కన్సోల్‌ను తువ్వాలలో చుట్టి ఒళ్లో పెట్టుకున్నాడు. పెనుకొండ దగ్గర ఒకావిడ కుక్కర్ కొన్నారా అని అడిగింది. అవునమ్మా, మూడు విజిల్స్ వస్తాయి అన్నాడు ఈయన. ఈ మనిషి జోకేసి ఎన్నాళ్లయింది!

స్టూడియోలో బాక్స్ పెట్టి, రికార్డ్ చేసి, బొమ్మను పెద్దది చేశారు. స్టూడియో ఆయనకు మా పని అర్థం కాక, గేమ్ ఆడరా అని అడిగాడు. ఈయన పెదవులు కదుపుతూ పైనుంచి లెక్కపెట్టుకుంటూ వచ్చాడు. తొంభై దాటాక నేను కూడా లోపల లెక్కపెట్టాను.

వంద. అన్నీ విడివిడిగా.

తీస్కో అన్నాడు.

జూన్ 19, గురువారం

టేబుల్ ఫ్యాన్ కన్సోల్‌కు తిప్పాం. చెమటలు మాకు. ఆయన బార్డర్‌ను ఎడమ నుంచి కుడికి జరిపించాడు, నేను రికార్డ్ నొక్కాను. పదహారు నిమిషాలు. ఆపి చూసుకున్నాం. పోగు పోగూ ఉంది. ఫ్రేములు ఆపి ఆపి ప్రింట్లు తీసుకుంటే తొమ్మిది షీట్లు. కన్సోల్ పోతే పోనీ ఇప్పుడు.

జూన్ 24, మంగళవారం

రెండొందల నలభై అట్టలు. భుజం పట్టేసింది. వీరభద్రయ్యకు ఇచ్చి వచ్చాను, ఒక రోజు ముందే.

జూలై 10, గురువారం

వీరభద్రయ్య రమ్మంటే వెళ్లాను. వక్క రంగు పట్టు, మెరూన్ అంచు, అందులో జరీతో చెనిక్కాయ చెట్టు. ఏడుపొచ్చేసింది, ఎవరూ చూడకుండా తుడుచుకున్నాను.

అప్పుడు ఆయన వేలు పెట్టి చూపించాడు. కాయలకు కింద, వేళ్లు అయిపోయాక, ఖాళీగా ఉండాల్సిన చోట ఒక్క జరీ చుక్క. జానకొకటి. ఇదేందమ్మా, నీ చేత్తో తప్పు పడిందంటే నేను నమ్మను, కానీ ఈడ ఉండాది కదా అన్నాడు. ముక్కాలు చీర అయిపోయింది. విప్పే దారి లేదు. ఆయన భార్య నరసక్క కండెలకు పట్టు దారం చుట్టుకుంటూ, చెట్టు పీకినంక మన్నులో ఒక కాయ మిగుల్తాదే, అట్ల ఉండాదిలే అంది. నాకు నవ్వు రాలేదు. పందొమ్మిదేళ్లలో మొదటి తప్పు, అదీ ఈయన చీర మీదే.

జూలై 11, శుక్రవారం

ప్రింట్‌లో చుక్క ఉంది. అయితే నేను తప్పు కొట్టలేదు. రికార్డింగ్ పెట్టి చూశాను. చుక్క కనబడింది, పోయింది, మళ్లీ కనబడింది.

కర్సర్!

చివరి గడి పెట్టాక ఆయన ఎక్కడ ఆగాడో అక్కడే మిణుకుమంటూ ఉంది. పసుపు రంగు. నేను ఆపిన ఫ్రేములో వెలిగి ఉంది. ప్రతి పోగూ లెక్కపెట్టిన మనిషి తన కర్సర్‌ను తానే మరిచిపోయాడు. నేనూ చూసుకోలేదు.

ఆయనకు చెప్పక తప్పలేదు. మగ్గం దగ్గరికి తీస్కపో అన్నాడు. చాలాసేపు వంగి చూశాడు. వణికే వేలితోనే చుక్కను తాకాడు. తర్వాత నవ్వడం మొదలుపెట్టాడు, ఆపలేకపోయాడు. నేను నిలబడిన చోటే అది, ఉండనీ అన్నాడు.

చీర మీద షాపు పేరు ఉంటుంది. గ్రాఫ్ గీసినవాడి పేరు నేనెక్కడా చూడలేదు. ఇరవై మూడేళ్లలో ఈయన గీసినవి ఎన్ని వేల మంది కట్టుకున్నారో, ఒక్కరికీ ఈయన తెలియదు. ఇది ఈ రోజు దాకా నాకు తట్టనేలేదు.

జూలై 17, గురువారం

హిందూపురం, మల్లికార్జున గారి చీరల షాపు. చీర పరిచాను. పట్టుచీర మీద చెనిక్కాయలేందమ్మా అని పకపకా నవ్వాడు. తర్వాత అంచు చేతిలోకి తీసుకుని వదల్లేదు. చుక్క దగ్గర ఆగి, మిస్టేకా అని అడిగాడు.

కాదన్నా, గ్రాఫ్ వేసినాయన గుర్తు, ఆయన ప్రతి డిజైన్‌లోనూ ఉంటాది అనేశాను. పచ్చి అబద్ధం. నోట్లోంచి ఎలా వచ్చిందో నాకే తెలియదు. ఓహో, ఎవరాయన అన్నాడు. ధర్మవరం మనోహర్ అన్నాను. పేరు రాసుకున్నాడు. దీపావళికి ఇవే ఇంకో నాలుగు, చుక్కతోనే కావాలన్నాడు. ఇంకో డిజైన్ ఉంటే అదీ తెమ్మన్నాడు.

ఇంటికొచ్చి చెప్పాను, అబద్ధంతో సహా. ఈయన లేచి టీవీ ఆన్ చేశాడు.

ఆగస్టు 31, ఆదివారం

రెండోది అయింది. చింతకాయల బార్డర్. ఫ్యాన్ తిప్పి, రికార్డ్ నొక్కబోయాను. ఆగు అన్నాడు. కర్సర్‌ను ఒక్కో గడీ నడిపించుకుంటూ కొమ్మ కింద ఖాళీలోకి తెచ్చి పెట్టాడు. చెయ్యి వణుకుతూనే ఉంది.

ఇప్పుడు నొక్కు అన్నాడు.