ఎయిర్‌పోర్టుకు ఎవరొచ్చారు?

2010 మే 6
శిరీష లాప్‌టాప్ తెచ్చి నా టీకప్పు పక్కన పెట్టింది. తెర మీద చుక్కలు. కొత్త చుక్క పుట్టి, గీతతో పాత చుక్కను పట్టుకుంటుంది. ఎక్కువ గీతలున్నదాన్నే అందరూ పట్టుకుంటారట. వ్యాపారాలు ఎలా పెరుగుతాయో ఇలా చూపిస్తుందట, మాస్టర్స్ థీసిస్‌లో.
"బెల్లం చుట్టూ ఈగలు. దీనికి కాకినాడ నుంచి ఇంగ్లండులో ఈ స్టీవెనేజ్ దాకా రావాలా?"
"ఈగల్ని లెక్కపెట్టాలి కదండీ అంకుల్!"
పైగది అద్దెకిచ్చినప్పుడు ఇంత నోరుందని తెలియదు.

మే 9
ప్రసాదు సంగతి చెప్పాను. ఇద్దరం కలిసి పెట్టిన సరుకుల కొట్టు. ఆలోచన నాది, అన్ని పుస్తకాలూ చదివి వేసిన ప్లాను నాది. విడిపోయాక వాడికి వాట్‌ఫర్డ్‌లో మూడు కొట్లు, నాకు మోకాళ్ళ నొప్పులు. ముందు పుట్టిన చుక్కది అదృష్టం, అంతే – అన్నాను.
"మీ చుక్కే ముందు పుట్టింది కదండీ?"

మే 10
తలుపేసుకుని కూర్చున్నాను. నా గది ముందు శిరీష పెసరట్టు పెట్టి వెళ్ళింది. అల్లం ఎక్కువైంది. తిన్నాను.

మే 17
ఇక్కడి తెలుగువాళ్ళందరినీ ఒకటే అడిగిందట – మొదటిసారి దిగినప్పుడు ఎయిర్‌పోర్టుకు ఎవరొచ్చారు? సగం మంది ప్రసాదు పేరే చెప్పారట. నిజమే... ముక్కూ మొహం తెలియని పిల్లల కోసం వ్యాను వేసుకుని పరిగెత్తేవాడు. టాక్సీ డ్రైవరువా, అని నవ్వేవాణ్ణి. ఆ పిల్లలే తర్వాత వాడి కొట్లో కొన్నారు, ఇంకొకర్ని తెచ్చారు.
"ముందు గీతలు, తర్వాతే కొట్టు, అంకుల్."
"హీత్రోలోనే గాలం వేశాడు, జిత్తులమారి."
"ఎవరో ఆంటీ చంటిబిడ్డ ఏడుస్తుంటే ప్రసాదుగారే పాలు కొనిచ్చారట. అదీ గాలమేనా అంకుల్?"
ఇన్ని పుస్తకాలున్నాయి ఇంట్లో. ఒక్కదాంట్లోనూ ఆ పాల లెక్క లేదు.

మే 26
తనే కంపెనీ పెడుతుందట. కొత్తగా దిగే విద్యార్థులకు కారూ, గదీ. ప్రసాదు వ్యాన్లు కావాలి, వాడి పరిచయాలు కావాలి. మనవాళ్ళలో ఎవరి తాలూకో చెప్పందే గడప దాటనివ్వరు. "మీరొక్క మాట చెబితే..."
చెబితే వాట్‌ఫర్డ్ వెళ్ళిపోతుంది. పైగదిలో అడుగుల చప్పుడుండదు.

మే 30
ఫోన్ చేశాను.
"ఎవరండీ?" గొంతు ముసలిదైంది.
"నేనేరా."
అవతల టీవీ చప్పుడు తగ్గింది.
"మా పిల్ల ఒకతి ఉంది..." మా పిల్ల! ఎలా వచ్చిందో ఆ మాట.
"వచ్చే ఆదివారం నేనే వచ్చి తీసుకెళ్తాలే."
మారలేదు వెధవ.

జూన్ 6, ఆదివారం
వ్యాను ఇంటి ముందు ఆగింది. వాడు దిగడు. జుట్టంతా తెల్లబడింది. నేను కిటికీ దగ్గరే ఉన్నాను. శిరీష వాకిట్లోంచి అరుస్తోంది – "ఇద్దర్లో ఎవరో ఒకరు కదలండి అంకుల్!"
సరే, లేస్తున్నాను. ఏమని పలకరించాలి వాణ్ణి?