ఏసురాజు పేరుకు నేను పలుకుతున్నాను

రాజమండ్రి,
12-12-71

నాన్నగారికి, అమ్మకు నమస్కారాలు. నేను క్షేమం. యుద్ధం ముగిసేదాకా ఉప్పాడ వచ్చేయమని రాశారు. ముందు ఈ సంగతి వినండి.

మా వాలీబాల్ కోచ్ గున్నేశ్వరరావు మాస్టారి పాత ఆటగాళ్లు నలుగురు ఇప్పుడు సరిహద్దులో పోరాడుతున్నారు. సాయంత్రం గ్రౌండులో హాజరు పిలిచేటప్పుడు మాస్టారు వాళ్ల పేర్లు కూడా పిలుస్తారు. వాళ్ల స్థానాల్లో ఆడేవాళ్లం బదులు పలకాలి. ఏసురాజు స్థానం నాది. అతని దగ్గరనుంచి నెలగా ఉత్తరం లేదు. కబురేమైనా తెలిసిందేమోనని నిన్న అతని తల్లి సువార్తమ్మగారు కడియం నుంచి వచ్చారు. మాస్టారికీ ఏమీ తెలియదు. ఆవిడను పక్కన కూర్చోబెట్టి హాజరు మొదలుపెట్టారు.

"ఏసురాజు!"

"ఉన్నాను సార్!" అన్నాను.

ఆవిడ ఉలిక్కిపడి, నన్ను ఎగాదిగా చూశారు. "మావోడి గొంతు ఇంత పీలగా ఉండదు బాబూ! ఆడు పలికితే ఈదంతా ఇనపడుద్ది."

"విన్నావుగా, మళ్లీ పలకరా," అన్నారు మాస్టారు.

ఈసారి జట్టంతా నాతో కలిసి అరిచింది. ఆవిడ నవ్వుతూనే కళ్లు తుడుచుకుని, "రోజూ ఇలాగే పలకండి బాబూ," అని చెప్పి వెళ్లారు.

నాన్నగారూ, ఇంత గొప్ప పని నాకింతవరకు ఎవరూ అప్పగించలేదు. ఏసురాజు వచ్చి తన పేరుకు తనే పలికేదాకా నన్ను రమ్మనకండి.

మగ్గం మీది చీర పూర్తయిందా? సముద్రం మన వీధి దాకా రాలేదు కదా? చెల్లి బుజ్జమ్మకు నా ఆశీస్సులు. ఇక్కడ చలి ముదిరింది. మీరు దుప్పటి పంపితే ఉండమన్నట్టే అనుకుంటాను.

మీ చిన్నబ్బాయి