తాంబాళం ఎవరి చేతిది?

కస్తమోను,
ఫిబ్రవరి 4, 1971

ప్రియమైన నజ్మియేకు,

ముందుగా మంచి కబురు. మా చెల్లెలు ఫెరిదెకు సంబంధం కుదిరింది. అబ్బాయిది తాష్‌కోప్రు. బడిపంతులు, నెమ్మదస్తుడు. నిశ్చితార్థం మే నెలాఖరున మనింట్లోనే. అమ్మా నాన్నా లేని పిల్ల కదా, ఆ పెద్దరికం మనమే చెయ్యాలి.

చిక్కల్లా ఒక్కటే. పెళ్ళికొడుకు నానమ్మ జుల్ఫియే అవ్వ సంగతి నువ్వూ వినే ఉంటావు. పెళ్ళికూతురి వాళ్ళు పెట్టే నీళ్ళ బోరెక్ పిండివంట తాంబాళాన్ని బట్టి ఆ ఇంటిని తూకం వేసే మనిషి. మూడేళ్ళ క్రితం ఏదో పెళ్ళిలో నీ తాంబాళం తిన్నదట. "ఆ కోడలున్న ఇల్లయితే నేనింకేమీ అడగను" అని కబురు పంపింది. వినగానే నా ఛాతీ ఉప్పొంగింది. కాసేపయ్యాక గుర్తొచ్చింది, ఆ కోడలు బెర్లిన్‌లో రేడియోలు బిగిస్తోందని.

ఎలాగైనా సెలవు అడుగు. పెరిహాన్ బాగానే చదువుతోంది. జడ వేసుకోవడం తనే నేర్చుకుంది. నేను వేసిన జడ చూసి బడిలో నవ్వారట. చెప్పుల దుకాణంలో పని పల్చబడింది, అందరూ రబ్బరు బూట్లు కొంటున్నారు. తోలు కోసే కత్తి రోజూ నూరుతున్నాను గానీ కోయడానికి తోలే ఉండటం లేదు.

నీ జవాబు కోసం చూస్తూ,
నీ హాషిం

---

బెర్లిన్,
ఫిబ్రవరి 23

ప్రియమైన మీకు,

ఫెరిదె కబురు చదివి, నాతో గదిలో ఉండే ఆడవాళ్ళందరికీ మిఠాయి పంచాను. కానీ ఆగస్టుకు ముందు సెలవు లేదండీ. రెండుసార్లు అడిగాను. మేస్త్రీ గోడమీది క్యాలెండరు చూపించి తల అడ్డంగా ఊపాడు.

ఇంకో కబురు. నన్ను తనిఖీ బల్ల దగ్గరకు మార్చారు. ఇరవైమంది వేసిన అతుకులు నేను చూసి, బాగుంటేనే ముందుకు పోవాలి. మన ఊళ్ళో చిల్లుపడ్డ కుండకు మాటు వెయ్యడం కూడా మగవాళ్ళ పనే కదా. ఇక్కడ నేను సరేనంటే గానీ రేడియో పలకదు.

తాంబాళం గురించి అంత పట్టుదల ఎందుకు? బజారులో మంచి బక్లావా మిఠాయి దొరుకుతుంది, అది పెట్టండి. కోడలు ఊళ్ళో లేదని చెబితే ఎవరు తప్పు పడతారు? నా మాట విని ఆ ఆలోచన మానుకోండి.

పెరిహాన్‌కు ముద్దులు.
మీ నజ్మియే

---

కస్తమోను,
మార్చి 11

నజ్మియే,

బక్లావా మాట ఫెరిదె దగ్గర ఎత్తాను. లేచి వెళ్ళి గిన్నెలు తోమడం మొదలుపెట్టింది. అవి అప్పటికే తోమిన గిన్నెలు. మా అమ్మ ఉంటే బజారు సరుకు పెట్టనిచ్చేదా అనుకుంటోందని నాకు అర్థమైంది. తను చేస్తానంటే, పెళ్ళికూతురు తన తాంబాళం తనే చేసుకుంటే కీడని పెద్దవాళ్ళు ఒప్పుకోరు. పక్కింటి నిగార్‌ను అడిగాను. ఆమె మంచిదే గానీ, ఆమె ఒత్తే పొరలు నీకు తెలుసు కదా, బూటుకు అడుగు కుట్టుకోవచ్చు.

అప్పుడు మన పెరిహాన్ అంది: "నాన్నా, నువ్వు మేకతోలు ఉల్లిపొర అంత పల్చగా చెక్కుతావు కదా. పిండి అంతకంటే గట్టిదా?"

నవ్వకు. ఆదివారం తలుపు గడియపెట్టి, పరదాలు దించి, పిండి కలిపాను. పొర ఒత్తడం, మరిగే నీళ్ళలో వేసి తియ్యడం, చల్లటి నీళ్ళలో ముంచి వెన్న రాసిన తాంబాళంలో పరవడం, నడుమ గొర్రెపాల జున్ను చల్లడం. ఇంతవరకు ఊళ్ళో ఎవరినడిగినా చెబుతారు. నా మొదటి పొర నీళ్ళలో పడగానే జిగురైపోయింది. రెండోది ముద్దయింది. మూడోది ఏమైందో ఇప్పటికీ తెలియదు, గరిటెకు దొరకలేదు. కోళ్ళు కూడా వాసన చూసి పక్కకు పోయాయి.

తాంబాళం చేసే రోజు నువ్వు నన్ను కాఫీ కొట్టుకు తరిమేసి తలుపేసుకునేదానివి. అందుకే నేనేమీ చూడలేదు. పిండి ఎంత గట్టిగా ఉండాలి, గుడ్లు ఎన్ని, నీళ్ళలో ఎంతసేపు ఉంచాలి, కుంపటి మీద ఎలా తిప్పాలి, అన్నీ వివరంగా రాయి. సంగతి మాత్రం ఎవరికీ చెప్పకు. కాఫీ కొట్టులో తెలిస్తే నా బతుకు తెల్లారినట్టే.

నీ హాషిం

---

బెర్లిన్,
మార్చి 30

ప్రియమైన మీకు,

మీ ఉత్తరం చదివి నవ్వాను, తర్వాత ఏడ్చాను. జవాబు ఆలస్యమైంది, కోపం తెచ్చుకోకండి. ఇలాంటివి తొందరపడి రాస్తే కొలత తప్పుతుంది. అన్నీ సరిచూసుకుని రాస్తున్నాను.

గుడ్లు ఆరు. ఉప్పు, కొద్దిగా నీళ్ళు. పిండి చెవి తమ్మె అంత మెత్తగా రావాలి, నమ్మకం లేకపోతే ఒక చేత్తో చెవి, ఒక చేత్తో పిండి పట్టుకుని చూడండి. పన్నెండు ఉండలు చేసి, తడిగుడ్డ కప్పి గంటసేపు వాటి జోలికి పోకండి. మీ తప్పు అక్కడే జరిగి ఉంటుంది. విశ్రాంతి లేని పిండి మాట వినదు. నీళ్ళలో ఉప్పు, ఒక చెంచా నూనె వెయ్యండి. ఫాతిహా ప్రార్థన ఒకసారి చదివినంత సేపు ఉంచి తీసెయ్యండి. గబగబా చదవకండి, మెల్లగా. అట్టడుగు పొర, అన్నిటికంటే పై పొర మాత్రం ఉడకబెట్టకూడదు, పచ్చివే వెయ్యాలి. జున్నులో పార్స్లీ ఆకు సన్నగా తరిగి కలపండి. కుంపటి మంట సన్నగా ఉండాలి. తాంబాళాన్ని వేళ్ళతో కొద్దికొద్దిగా తిప్పుతూనే ఉండాలి, ఒక్క నిమిషం కూడా నిలబెట్టకూడదు.

మా గదిలో ఎర్జురుం నుంచి వచ్చిన ఎల్మాస్ అక్క ఉంది. మీ సంగతి ఒక్క ఆమెకే చెప్పాను. మీకు సలాం చెప్పమంది.

మీ నజ్మియే

---

కస్తమోను,
ఏప్రిల్ 16

నా నజ్మియేకు,

వచ్చేసింది.

అయిదుసార్లు పాడయింది, ఆరోసారి వచ్చింది. రహస్యం నీ ఉత్తరంలో సగం, నా దుకాణంలో సగం ఉంది. తోలు చెక్కేటప్పుడు బలం కత్తికి ఇవ్వం, అరచేతికి ఇస్తాం. పిండీ అంతే. కర్రకు చుట్టి, రెండు అరచేతులూ నడుమ నుంచి అంచులకు జరుపుతూ పోతే, అది తనంతట తనే పరుచుకుంది. దీపం ముందు పట్టుకుంటే పెరిహాన్ ముఖం అవతల నుంచి కనిపించింది. అది నాలుక బయటపెట్టింది, అదీ కనిపించింది.

రెండోవైపు వేగడానికి తిరగెయ్యడం దగ్గర రెండుసార్లు ఓడిపోయాను. ఒకసారి సగం కుంపటిలో పడింది. ఇప్పుడు రెండో తాంబాళం బోర్లించి, చుట్టూ తోలుపట్టీ బిగించి, ఒక్క ఊపులో తిప్పేస్తున్నాను. అడుగు ఎర్రగా వేగి, లోపల పొరలు పట్టులా జారుతున్నాయి. ఫెరిదె ఒక ముక్క తిని నా చెయ్యి ముద్దుపెట్టుకుంది. పెళ్ళి కుదిరిన ఆడపిల్ల అన్న చెయ్యి ముద్దుపెట్టుకోవడం మామూలే. కానీ పిండి అంటిన చెయ్యి అలా పట్టుకుంటే నాకు ఎలాగో అయింది.

ఇక మన ఏర్పాటు విను. నిశ్చితార్థం రోజు పొద్దున్నే నేను లోపల చేసేస్తాను. నిగార్ తన చేత్తో పట్టుకెళ్ళి పెడుతుంది. ఎవరైనా అడిగితే, నజ్మియే ఉత్తరంలో రాసి పంపింది, నేను చేశాను అంటుంది. నీ పేరు నిలుస్తుంది, నా పరువు నిలుస్తుంది. బాగుంది కదూ?

నీ హాషిం

---

బెర్లిన్,
మే 2

హాషిం గారికి,

బాగాలేదు.

మీ ఉత్తరం వచ్చిన రోజు మా హాల్లో మేస్త్రీ నా బల్ల దగ్గర నిలబడి, కొత్తగా వచ్చిన వాళ్ళకు నా పని చూపించాడు. వాళ్ళలో మగవాళ్ళు కూడా ఉన్నారు. అందులో మనవాడు ఒకడు, కొన్యా మనిషి, "ఆడదాని దగ్గర పని నేర్చుకోవాలా" అని గొణిగాడు. నాకు వినబడింది. అతుకు వేసిన ముక్క అతని చేతికిచ్చి, ఇందులో తప్పుంటే చూపించు, లేకపోతే కూర్చుని నేర్చుకో అన్నాను. కూర్చున్నాడు.

ఆ మాట మీకు రాయాలని సంబరపడుతూ గదికొస్తే, మీరు మీ చేతి పనిని నిగార్ కొంగుకింద దాస్తానని రాశారు. మగవాళ్ళ బల్ల దగ్గర నేను తలెత్తుకుని నిలబడితే మీకు గర్వం. ఆడవాళ్ళ పొయ్యి దగ్గర మీరు నిలబడితే సిగ్గా? ఆరుసార్లు చేసి సాధించిన మనిషి మీరు. నేను మిమ్మల్ని తలుచుకుని ఎంత పొంగిపోతున్నానో మీకు తెలిస్తే పరదాలు దించుకునేవారు కాదు.

మీ ఇష్టం, మీరు అక్కడున్నారు, నేనిక్కడున్నాను. కానీ ఒక్క మాట. నిగార్ పేరు చెప్పొద్దు. నా పేరు అసలే చెప్పొద్దు.

నజ్మియే

---

కస్తమోను,
మే 31

ప్రియాతిప్రియమైన నజ్మియేకు,

నీ ఉత్తరం నాలుగు రోజులు జేబులో పెట్టుకు తిరిగాను. అయినా ధైర్యం చాలలేదు. నీ పేరొక్కటి తీసేసి, ఏర్పాటు ఏర్పాటులాగే ఉంచాను. జరిగింది మాత్రం వేరు.

నిన్న అందరూ వచ్చారు. ఆడవాళ్ళు పెద్దగదిలో, మగవాళ్ళం వాకిట్లో. నిగార్ తాంబాళం పట్టుకెళ్ళింది. నేను కుర్చీలు అందించే వంకతో గుమ్మం దగ్గరే తచ్చాడుతున్నాను. జుల్ఫియే అవ్వ చిన్న మనిషి, పిచ్చుకంత ఉంటుంది. ముక్క తీసుకుని ముందు పక్కనుంచి చూసింది, పొరలు లెక్కపెట్టింది, తర్వాత కళ్ళు మూసుకుని తిన్నది.

"ఇది నజ్మియే చెయ్యి కాదు. ఆ చెయ్యి నాకు తెలుసు, అది వెన్న ఎక్కువ వేసే చెయ్యి. ఇది ఇంకా పల్చన. ఎవరు చేశారు?" అంది.

నిగార్ నేర్చుకున్న మాటలు అప్పజెప్పింది. అవ్వ సంతోషించి, అయితే రేపు మా ఊరు రా, నా మనవరాళ్ళకు నా కళ్ళ ముందు ఒక్క పొర ఒత్తి చూపించు అంది. నిగార్ ముఖం సున్నం కొట్టినట్టయింది. తలతిప్పి నావైపు చూసింది. గదిలో అందరూ ఆ చూపు వెంట నావైపు తిరిగారు. అందరిలో ఫెరిదె కూడా.

అప్పుడు నీ కొన్యా మనిషి గుర్తొచ్చాడు. లోపలికి వెళ్ళాను.

"అవ్వా, అది నేను చేశాను," అన్నాను. "నిగార్ తప్పేం లేదు, నేనే అలా చెప్పమన్నాను."

నా వెనక వాకిట్లో ఎవరో పకపకా నవ్వారు. పెళ్ళికొడుకు బాబాయి. ఇంకో ఇద్దరు అందుకున్నారు. అవ్వ వాళ్ళవైపు చూడనైనా లేదు. నా చేతులు చూపించమంది. కత్తి గాట్లు, కుంపటి బొబ్బలు అన్నీ తడిమింది. ఎన్ని పొరలు ఉడకబెట్టావంది. పది ఉడికినవి, రెండు పచ్చివి అన్నాను. నీళ్ళలో ఎంతసేపంది. ఫాతిహా ఒకసారి, మెల్లగా అన్నాను.

ఆమె నా చెయ్యి వదలకుండానే వాకిటివైపు కేకవేసింది: "నవ్విన వాళ్ళకు బోరెక్ లేదు. మిగతా వాళ్ళకు పెట్టండి."

బాబాయి అప్పటికే పళ్ళెం పట్టుకుని ఉన్నాడు. పెరిహాన్ వెళ్ళి ఆ పళ్ళెం చేతిలోంచి తీసుకుని వచ్చేసింది. మన పిల్ల నీ పోలికే. ఆయన అరగంట తర్వాత వచ్చి క్షమించమని అడిగి, రెండు ముక్కలు తిన్నాడు.

అవ్వ ఫెరిదె వేలికి తన ఉంగరం తీసి తొడిగింది. "ఈ ఇంట్లో అన్న ఇలా ఉంటే చెల్లెలు ఎలా ఉంటుందో నాకు తెలుసు" అంది. ఫెరిదె ఏడ్చింది. నేను కూడా, కానీ ఉల్లిపాయల మీదికి తోసేశాను. బోరెక్‌లో ఉల్లిపాయలు లేవని ఎవరూ అనలేదు.

ఈ ఉదయం కాఫీ కొట్టులో "రావయ్యా బోరెక్ హాషిం" అన్నారు. కూర్చుని కాఫీ తాగాను. ఇత్తడిపని సాబ్రి నా పక్కకు జరిగి, తన భార్యకు ఒంట్లో బాగాలేదని, పిండి ఎంత మెత్తగా ఉండాలని మెల్లగా అడిగాడు. చెవి పట్టుకుని చూపించాను.

నువ్వు చెప్పినట్టు నీ పేరు కూడా చెప్పలేదు. ఎందుకలా అన్నావో మాత్రం నాకు అర్థం కాలేదు.

నీ హాషిం

---

బెర్లిన్,
జూన్ 15

నా హాషింకు,

మీ ఉత్తరం గదిలో బిగ్గరగా చదివాను. ఎనిమిదిమంది ఆడవాళ్ళం. పళ్ళెం లాక్కున్న దగ్గర ఎల్మాస్ అక్క బల్ల చరిచింది. అవ్వ మీ చేతులు తడిమిన దగ్గర నేను చదవలేకపోయాను, ఉత్తరం ఆమె తీసుకుని పూర్తిచేసింది. మా ఆయన అని చెప్పుకోవడానికి నాకింత గర్వం ఎన్నడూ లేదు.

ఆ తర్వాత నాకు కూర్చోబుద్ధి కాలేదు. మీకు ధైర్యం చెప్పిన దాన్ని, నా దగ్గర ఆ ధైర్యం లేకపోయింది. అందుకే రాస్తున్నాను.

నీళ్ళ బోరెక్ నాకు చెయ్యడం రాదండీ. ఎప్పుడూ రాలేదు.

పెళ్ళయిన మొదటి పండక్కి అత్తగారు తాంబాళం చెయ్యమన్నారు. నాకు పదిహేడేళ్ళు. పొర ఒత్తితే చిరిగింది, ఉడకబెడితే జిగురైంది. మా అమ్మ సంగతి తెలుసుకుని, తను చేసిన తాంబాళం బట్టల బుట్టలో పెట్టి పెరటి గుమ్మం నుంచి అందించింది. అది నాది కాదని చెప్పేలోపే అత్తగారు నా నుదురు ముద్దుపెట్టుకున్నారు. ఆ ముద్దు తర్వాత చెప్పలేకపోయాను. పన్నెండేళ్ళు చెప్పలేకపోయాను. మిమ్మల్ని కాఫీ కొట్టుకు తరిమింది ఆ బుట్ట మీ కంట పడకూడదనే.

జుల్ఫియే అవ్వకు తెలిసిన ఆ చెయ్యి, వెన్న ఎక్కువ వేసే ఆ చెయ్యి, మా అమ్మ మక్బులేది. ఆమె మన పండగలకొచ్చి, అతిథిగా కూర్చుని, తన బోరెక్ తనే తింటూ, ఊరంతా నన్ను పొగుడుతుంటే వినేది. ఒక్కసారైనా నొచ్చుకోలేదు. "మా అమ్మాయి చెయ్యి మంచిది" అనేది. కిందటేడాది చలికాలంలో ఆమె పోయినప్పుడు ఊరంతా వచ్చి ఎన్నో చెప్పారు. ఆమె తాంబాళం గురించి మాత్రం ఒక్కరూ చెప్పలేదు, ఎలా చెబుతారు? ఆ మాట నేను తినేశాను.

నేను మీకు రాసిన కొలతలన్నీ ఎల్మాస్ అక్కవి. ప్రతి ప్రశ్నా ఆమెనడిగి, ఆమె చెప్పింది చెప్పినట్టు రాశాను. నేను మీకు నేర్పలేదు. నా పేరు చెప్పొద్దన్నది అందుకు.

ఈ ఉత్తరం దాచకండి. నిగార్‌కు చదివి వినిపించండి, ఫెరిదెకు వినిపించండి, తాష్‌కోప్రు వెళ్ళినప్పుడు అవ్వకు వినిపించండి. పన్నెండేళ్ళ తాంబాళాలు మక్బులే చేతివని ఊళ్ళో అందరికీ తెలియాలి. నన్ను ఏమన్నా అననివ్వండి, పడతాను. మీరు ఏమంటారోనని మాత్రం భయంగా ఉంది. అయినా రాయగలిగాను, అది మీ వల్లే.

ఆగస్టు ఏడున రైలెక్కుతున్నాను. ఫెరిదె పెళ్ళి తాంబాళానికి నన్ను పక్కన నిలబెట్టుకోండి. పిండి కలపడం దగ్గర్నుంచి మొదలుపెడదాం. ఎల్మాస్ అక్క ఒకటి అడగమంది. ముప్పై ఏళ్ళుగా చేస్తున్నా తిరగేసేటప్పుడు ఆమెకు ఇప్పటికీ ఒక మూల విరుగుతుందట. ఆ తోలుపట్టీ ఎంత వెడల్పు, ఎక్కడ బిగించాలి అని మిమ్మల్ని అడిగి తెలుసుకోమంది. వివరంగా రాయండి, గురువుగారూ.

మీ శిష్యురాలు,
నజ్మియే