తల ఊపని తొమ్మిది రోజులు

పుంగనూరు,
ఆదివారం.

చిరంజీవి సుమలతకు నాయన ఆశీస్సులు.

ఇక్కడ మీ అన్న, వదిన, పిల్లలు కులాసా. నేను కూడా కులాసా అని రాస్తే ఒక పనైపోతుంది గానీ, డెబ్బై ఆరేళ్ల వయసులో మర్యాద కోసం అబద్ధం రాయడం దేనికి? చేతికర్ర పట్టుకుని వీధి చివరిదాకా నడుస్తున్నాను. సంగటి గొంతు దిగుతోంది. దగ్గు తగ్గింది. కోపం తగ్గలేదు. అక్కడ నువ్వు, అల్లుడు, తేజస్విని బాగున్నారని తలుస్తాను.

నీ ఉత్తరం అందింది. ఫోన్ ఉండగా ఉత్తరాలేమిటని మీ అన్న గిరీష్ నవ్వాడు. నేను ఫోన్‌లో మాట్లాడితే వాడు పక్కనే ఉండి వింటాడు, విన్నది టీ కొట్లో చెబుతాడు. అందుకే ఉత్తరం.

మందులు వేసుకుంటున్నానా అని అడిగావు. వేసుకుంటున్నాను. మనసు డాక్టరు దగ్గరికి పోనని మొండికేశానట, నిజమేనా అని అడిగావు. నిజమే. "నాయనా, ఒగసారి సూపిచ్చుకుంటే ఏం పోతాది?" అన్నాడు మీ అన్న. "ముందు నువ్వు సూపిచ్చుకో, తోడొస్తా" అన్నాను. చెప్పులేసుకుని టీ కొట్టుకు పోయాడు.

మదనపల్లె ఆస్పత్రివాళ్లు ఇచ్చిన కాగితంలో న్యుమోనియా అని, దాని కింద డెలీరియం అని రాశారు. ముప్పై నాలుగేళ్లు గ్రంథాలయంలో పనిచేసినవాణ్ణి, నిఘంటువు తీయకుండా ఉంటానా. సన్నిపాతం, పలవరింత, మతి తప్పడం. మూడూ నాకు సరిపోవు. "ఐసీయూలో పెద్దవాళ్లకు ఇది మామూలే, ఇంటికి పోతే మర్చిపోతారు" అన్నాడు డాక్టరు. ఆ మాటైనా నాతో అనలేదు, మీ అన్నతో అన్నాడు. నేను మర్చిపోలేదు. గిరీష్‌కు సగం చెప్పాను, ఆ సగమే ఇప్పుడు ఊరంతా తిరుగుతోంది. నీకు మొత్తం రాస్తున్నాను.

నోట్లో గొట్టం. గొట్టం పీకేసుకుంటానని రెండు మణికట్లనూ గుడ్డ పట్టీలతో మంచం కమ్మీకి కట్టారు. ఎందుకు కట్టారో చెప్పే ఉంటారు, నా చెవికెక్కలేదు. లైట్లు ఎప్పుడూ ఆర్పరు కాబట్టి పొద్దు తెలియదు. చుట్టూ పచ్చటి తెరలు. తలవైపు గంట మోగుతూనే ఉంటుంది, అది మిషనని ఇప్పుడు తెలుసు. మనది గొర్రెల ఇల్లు. వేపమండల్లాంటి పచ్చదనం, గంట, కట్లు ఒకచోట కనిపిస్తే అదేమిటో గుడుపల్లె దగ్గర పుట్టినవాడికి ఎవరూ చెప్పక్కర్లేదు. నేను గంగమ్మ ముందు నిలబెట్టిన పొట్టేలును.

నా పేరు ఈరప్ప అని తెలుసు. గ్రంథాలయం తాళంచెవి ఏ జేబులో పెట్టుకునేవాణ్ణో తెలుసు. అయినా పొట్టేలునే. రెండూ ఒక తలలో ఎట్లా ఇమిడాయని అడక్కు, ఇమిడాయి.

రేవతి అనే సిస్టరు వచ్చి తడిగుడ్డతో నా ముఖం, మెడ తుడిచేది. మంచి పిల్ల. కానీ నాకది పసుపునీళ్లు చల్లడం. నీళ్లు పడ్డాక పొట్టేలు తల విదిలించి ఒళ్లు జాడిస్తే అమ్మవారు ఒప్పుకున్నట్టు, వెంటనే కత్తి పడుతుంది. కదలకుండా నిలబడితే నరకరు, మళ్లీ నీళ్లు చల్లి బతిమాలుతారు. కాబట్టి తల కదిలించకూడదని నిశ్చయించుకున్నాను.

రోజూ డాక్టరు వచ్చి, "తాతా, రాయి నీళ్లల్లో తేల్తాదా? ఔనంటే తల ఇట్ల ఊపు, కాదంటే అట్ల ఊపు" అనేవాడు. మతి ఉందో లేదో చూసే పరీక్షట. రాయి తేలదని నాకు తెలుసు. ఎటు ఊపినా మెడ పోతుందని కూడా తెలుసు. ఊపలేదు. ఆయన ఏదో రాసుకుని వెళ్లిపోయేవాడు. మీ అన్న మంచం పట్టుకుని ఏడ్చాడు. "ఊపు నాయనా. ఒక్కసారి తల ఊపితే సాలు." కన్నకొడుకే బతిమాలుతున్నాడు. "సంతకం పెట్టేసినా సార్, మీరు చెయ్యాల్సింది చెయ్యండి" అని వాడు డాక్టరుతో అనడం కూడా విన్నాను. ఇంకా అనుమానానికి చోటెక్కడుంది? తొమ్మిది రోజులూ వాడు ఆస్పత్రి మెట్ల మీదే పడుకున్నాడని తర్వాత తెలిసింది. అది వేరే సంగతి, వాడి టీ కొట్టు కబుర్లకు అది క్షమాపణ కాదు.

దీన్ని పలవరింత అనడం నేనొప్పుకోను. నేను పొట్టేలుననే మొదటి మాట ఒక్కటే తప్పు. దాని మీద నేను కట్టిన గోడ నిటారుగానే నిలిచింది. ఒళ్లు బాగుండీ అంతపాటి గోడ కట్టలేనివాళ్లు నన్ను పిచ్చివాడంటున్నారు.

మొన్న ఎదురింటి బాలప్ప నిమ్మకాయ పట్టుకొచ్చాడు. "ఈరప్పన్నా, నలభై ఏండ్లు జాతరను ఎగతాళి చేసినావు. అమ్మ పట్టి సూపిచ్చింది. ఒగ పొట్టేల్ని మొక్కుకో, సరిపోతాది" అన్నాడు.

"నన్నే అడిగింది గదప్పా, నేనే ఒప్పుకోలేదు. ఇంగ ఆ పొట్టేల్ని యాల అడిగేది?" అన్నాను. నిమ్మకాయ వెనక్కి తీసుకుపోయాడు.

వాడి మీద కోపం లేదు. నేను చదివిన పుస్తకాల మీద ఉంది. మూఢనమ్మకాలను చీల్చి చెండాడిన ఆ వందల పుస్తకాల్లో ఒక్కటీ నా మంచం దగ్గరికి రాలేదు. ఆరేళ్లప్పుడు మా అమ్మ చంకనెత్తుకుని చూపించిన జాతర మాత్రం నడిచి వచ్చింది.

అమ్మీ, నీ ఉత్తరంలో చివరి ప్రశ్నను ఇంతసేపు దాటేశాను. గొట్టం తీసిన రోజు నువ్వొచ్చినప్పుడు నేనేమన్నానో గుర్తుందా అని అడిగావు.

నీ పెళ్లిలో పాలలో చేతులు ముంచి అప్పగింతలు పెట్టమంటే, "ఆడబిడ్డ ఏమన్నా గొర్రెపిల్లనా, చెయ్యి మార్చేదానికి?" అని నేను పందిట్లోంచి లేచి వెళ్లిపోయాను. అందరి తండ్రులూ ఏడ్చి అప్పజెప్పారు, నా తండ్రి పేపరు చదువుకున్నాడని పద్దెనిమిదేళ్లు కడుపులో పెట్టుకున్నానని రాశావు. ఆస్పత్రిలో నీ చెయ్యి పట్టుకుని, సిస్టరు వైపు చూపి, "ఇది నా బిడ్డ. మీకు అప్పజెప్తాండా" అన్నానని, తెలివి లేనప్పుడు కూడా నిన్నే తలుచుకున్నానని, ఆ మాట చెప్పి ఏడిస్తే అల్లుడు కూడా కరిగి నన్ను కుప్పంలోని మీ ఇంటికి తెచ్చుకుందామన్నాడని రాశావు. ఆ పేజీ మూడుసార్లు చదివాను. ఊరుకుంటే సరిపోయేది. నాకు ఊరుకోవడం రాదు.

ఆ మాట అన్నది నిజం. అర్థం అది కాదు.

ఆ సాయంత్రం గొట్టం లేదు, కట్లు లేవు, ఒంట్లో బలమూ లేదు. మెడ దానంతటదే వాలిపోతోంది. ఇంక కదలకుండా ఉండలేనని తెలిసిపోయింది. సిస్టరు చేతిలో పళ్లెం, అందులో సూది, నా కంటికది కత్తి. అప్పుడు నువ్వొచ్చావు. ముఖానికి మాస్కు, ఒంటికి పచ్చ గౌను. నిన్ను పోల్చుకోలేదేమోనని భయపడ్డానన్నావు. గొంతు వినగానే పోల్చుకున్నాను. నేను ఇన్నాళ్లూ చెప్పలేకపోయింది అదే. నువ్వెవరో తెలిసే, నన్ను విడిచిపెట్టి నిన్ను నరుక్కోమన్నాను. నువ్వేమో నా చేతిని కళ్లకద్దుకున్నావు.

అది నువ్వు కాదు నాయనా, జబ్బు అంటావు. డాక్టరూ అదే అంటాడు. తల ఊపకుండా నిలబడింది నేనైతే ఈ మాట అన్నదీ నేనే. ధైర్యం నాది, పిరికితనం జబ్బుది అని పంచుకోవడం నాకు చేతకాదు. పెళ్లిలో నిన్ను అప్పగించకపోవడం తప్పని ఇప్పటికీ అనుకోను. తప్పు చేసింది మదనపల్లెలో. మనిషికే ఇవ్వనన్నవాణ్ణి, కత్తికి ఇచ్చాను.

నువ్వు ప్రేమనుకుని దాచుకున్న మాటను నీ దగ్గర్నుంచి లాక్కుంటున్నాను. దాని బదులు ఇవ్వడానికి నా దగ్గర ఈ నిజం తప్ప ఇంకేమీ లేదు. ఆ మాట మీద మీ ఇంట్లో నాకు దొరికిన చోటులో నేను పడుకోలేను.

ఈ ఉత్తరం అల్లుడికి కూడా చదివి వినిపించు. విన్నాక వద్దంటే ఇక్కడే ఉంటాను, తప్పు పట్టను. అయినా రమ్మంటే ఒక్క ముక్క రాయి. "శనివారం కార్లో తీసకపోయి చెల్లెలికి అప్పజెప్పొస్తా" అంటున్నాడు మీ అన్న. వాడు రానక్కర్లేదు. పలమనేరులో బస్సు మారి నా కాళ్ల మీద నేనే వస్తాను. నన్ను ఎవరూ ఎవరికీ అప్పజెప్పక్కర్లేదు.

ఇట్లు,
తెలివి ఉండే ఇదంతా రాసిన
నీ నాయన,
ఈరప్ప